పోయని పాలకీ డబ్బులే!

ఒక టీకొట్టు. పాలవాడొచ్చి యజమానికి ఓ బేరం పెట్టాడు. 'లీటర్ల లెక్క మనకొద్దన్నా! నువ్వమ్మే ప్రతి కప్పుకీ ఇంతని ఇచ్చెయ్. ధర బాగా తగ్గిస్తా. కాకపోతే ఒక్క షరతు. ఆ కప్పులో వేరేవాళ్ల పాలు పోసినా నా డబ్బు నాకు రావాల్సిందే!'

చవకే కదాని యజమాని ఒప్పుకున్నాడు. ఇక ఇంకొకరి పాలెందుకు కొంటాడు? అవెంత చిక్కగా ఉన్నా సరే... రెండుసార్లు డబ్బు కట్టాలి మరి!

కంప్యూటర్ల ప్రపంచంలో అచ్చం ఇలాంటి బేరమే ఏళ్ల తరబడి నడిచింది. అక్కడ పాలవాడు మైక్రోసాఫ్ట్. టీకొట్లేమో పీసీలు తయారుచేసే కంపెనీలు. పాలు... కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్.

చేజారిన బేరం

1980లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌కి ఆపరేటింగ్ సిస్టమ్ వెతుక్కుంటూ కాలిఫోర్నియాలోని డిజిటల్ రీసెర్చ్ తలుపు తట్టింది. దాని అధిపతి గ్యారీ కిల్డాల్. చిన్న కంప్యూటర్లలో అప్పట్లో ఆయన రాసిన 'సీపీఎం'దే హవా. కానీ బేరం కుదరలేదు. ఆ అవకాశం బిల్ గేట్స్‌కి దక్కింది. తమాషా ఏంటంటే, ఐబీఎంకి ఇవ్వడానికి ఆయన దగ్గర సొంత సరుకే లేదు! సియాటెల్‌లోని ఓ చిన్న కంపెనీ నుంచి కొని, మెరుగులు దిద్ది ఇచ్చారు. అదే డాస్. దాన్ని ఇతర కంపెనీలకూ అమ్ముకునే హక్కు మాత్రం తన దగ్గరే అట్టేపెట్టుకున్నారు. 1981లో ఐబీఎం పీసీ వచ్చింది. తర్వాత అదే పీసీకి సీపీఎం కూడా దొరికింది. కాకపోతే డాస్ 40 డాలర్లు, సీపీఎం 240 డాలర్లు. జనం ఎటు మొగ్గారో చెప్పాలా!

ఇంతవరకూ వ్యాపార చాతుర్యమే. అసలు కథ ఆ తర్వాతే.

మళ్లీ బరిలోకి

1988లో డిజిటల్ రీసెర్చ్ 'డీఆర్ డాస్'తో తిరిగొచ్చింది. డాస్ ప్రోగ్రాములు దానిమీదా నడుస్తాయి. 1990లో వచ్చిన 5.0 వెర్షన్ మెమరీని పొదుపుగా వాడుకోవడంలో మైక్రోసాఫ్ట్‌ని మించిపోయింది. మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ తన డాస్‌లోనూ అలాంటి సదుపాయాలే తెచ్చింది. పోటీ ఉంటే లాభపడేది కొనేవాడేగా!

కానీ సరుకు కొనేవాడిదాకా చేరాలి కదా. పీసీ కంపెనీలతో మైక్రోసాఫ్ట్ చేసుకున్న 'పర్ ప్రాసెసర్' ఒప్పందం ప్రకారం, కంప్యూటర్‌లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా మైక్రోసాఫ్ట్‌కి రుసుము కట్టాల్సిందే. అది ఎక్కువ సరుకు కొన్నవాళ్లకిచ్చే తగ్గింపేనన్నది ఆ సంస్థ వాదన.

అక్కడితో ఆగలేదు. 1991 చివర్లో విండోస్ 3.1 పరీక్షా వెర్షన్‌ని డీఆర్ డాస్ మీద నడిపినవాళ్లకి తెరమీద ఓ 'ఎర్రర్' కనిపించింది. నిజానికి అక్కడ లోపమేమీ లేదు! కింద ఉన్నది మైక్రోసాఫ్ట్ డాస్ కాకపోతే ఆ సందేశం వచ్చేలా ముందే రాసిపెట్టారు. అమ్మకానికొచ్చిన విండోస్‌లో దాన్ని పనిచేయకుండా చేసినా, ఆ కోడ్ లోపల అలాగే ఉండిపోయింది. వాడేవాళ్లకి డీఆర్ డాస్ మీద అనుమానం పుట్టాలన్న ఆలోచన, తర్వాత కోర్టుకెక్కిన మైక్రోసాఫ్ట్ అంతర్గత మెయిళ్లలో బయటపడింది.

ఆలస్యమైన న్యాయం

1994 జులై 15న అమెరికా న్యాయశాఖతో కుదిరిన రాజీలో ఆ 'పోయని పాల' బేరాన్ని మానుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. ఆ మాట వినడానికి కిల్డాల్ లేరు. సరిగ్గా నాలుగు రోజుల ముందే కన్నుమూశారు.

చేతులు మారి తన దగ్గరికొచ్చిన డీఆర్ డాస్ తరఫున కాల్డెరా అనే సంస్థ 1996లో దావా వేసింది. 2000 జనవరిలో మైక్రోసాఫ్ట్ రాజీ చేసుకుంది. ఎంతిచ్చిందో 2009 దాకా గుట్టే. తీరా చూస్తే 28 కోట్ల డాలర్లు!

డబ్బు ముట్టింది, కేసు ముగిసింది. అప్పటికే డాస్‌ల కాలం చెల్లిపోయి ఇంటింటా విండోస్ వచ్చేసింది. కొట్టు మూతపడ్డాక పాలకి పరిహారం అందినట్టన్నమాట. రెండింటినీ రుచి చూసి ఎంచుకునే అవకాశం మాత్రం, టీ తాగడానికొచ్చినవాడికి దక్కనేలేదు.