కాపీ వస్తుంది, స్కాన్ రాదు: ప్రింటరును పారేయకముందు ఇవి చూడండి



హొసూరు అనగానే తమిళనాడు హోసూరు అనుకుంటారు చాలామంది. నేను చెప్పేది గౌరిబిదనూరు తాలూకా హొసూరు, విద్యావేత్త ఎచ్. నరసింహయ్యగారు పుట్టిన ఊరు. ఇక్కడి మన తెలుగు సంఘానికి నేను కార్యదర్శిని. పోయిన నెల బాగేపల్లి వైపు పల్లె నుంచి ఒక అవ్వ నోటు పుస్తకం మా చేతికి వచ్చింది. నిండా కైవారం తాతయ్య పదాలు. మాట తెలుగు, లిపి కన్నడం. ఈ సీమలో బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు నేర్చినవాళ్ళు ఇలాగే రాసుకున్నారు. కాగితం అంచులు పట్టుకుంటే రాలిపోతున్నాయి. "సోమవారం భజనకు కావల్ల నాయనా, అంతలోపల తెచ్చియ్యి" అంది అవ్వ. అది శనివారం.

సరిగ్గా ఆ వారమే సంఘం కంప్యూటరును విండోస్ 10 నుంచి 11కు మార్చి ఉన్నాం. 2025 అక్టోబరు 14తో పదికి మామూలు సపోర్టు ఆగిపోయింది కదా, ఎప్పటికైనా మార్చాల్సిందే. మార్చాక ప్రింటు బాగానే వచ్చింది. పుస్తకం గాజు మీద పెట్టి స్కాన్ నొక్కితే మాత్రం "స్కానర్ కనబడలేదు" అంది. ఫోన్ చేస్తే అంగడి అబ్బాయి, "స్కానర్ పోయింది సార్, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఉద్యోగమంతా గుమాస్తాగా గడిపినవాణ్ని, ఫైలు చూడకుండా ఎవరి మాటా నమ్మను.

మీరూ మొదట చేయవలసింది ఒకటే. కంప్యూటరు జోలికి పోకుండా, ప్రింటరు మీదున్న కాపీ బటన్ నొక్కండి. జెరాక్సులాగా కాగితం బయటికి వచ్చిందా? వస్తే లోపలి దీపం, గాజు, కదిలే పట్టీ అన్నీ బతికే ఉన్నాయి. చెడింది యంత్రం కాదు, కంప్యూటరుకూ దానికీ మధ్య మాట. కాపీ కూడా రాకపోతేనే రిపేరు సంగతి.

మరి ప్రింటు వస్తుంటే స్కాన్ ఎందుకు రాదు? మన కంటికి పెట్టె ఒకటే గాని, కంప్యూటరు లెక్కలో అవి రెండు సెక్షన్లు. ప్రింటుకు ఒక డ్రైవరు, స్కానుకు వేరే డ్రైవరు. చాలా ప్రింటర్లకు సరిపడే సామాన్య ప్రింటు డ్రైవరు విండోస్ దగ్గరే ఉంటుంది, కాబట్టి ఆ సెక్షన్ వెంటనే చార్జి తీసుకుంటుంది. స్కాన్ సెక్షన్‌కు మాత్రం చాలాసార్లు తయారీ కంపెనీవాళ్ళ సాఫ్ట్‌వేరే రావాలి. రాకపోతే ఆ కుర్చీ ఖాళీ.

ఖాళీయో కాదో చూడాలంటే స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. అందులో ఇమేజింగ్ డివైసెస్ అనే వరుసలో మీ ప్రింటరు పేరు లేకపోయినా, పక్కన పసుపు గుర్తు ఉన్నా, డ్రైవరు లేదనో సరిగా లేదనో అర్థం.

నేనిక్కడ ఒక తెలివితక్కువ పని చేశాను. ప్రింటరుతో వచ్చిన పాత సీడీ బీరువాలో భద్రంగా ఉంది, దాన్నే వేశాను. అది 32 బిట్ కాలం నాటిది. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో, ఆ పాత డ్రైవరు దీనికి పనికిరాదు. రెండు గంటలు వృథా. చేయవలసింది ఇది. ముందు యూఎస్‌బీ తీగ పీకేయండి. సెట్టింగ్స్‌లో ఆ ప్రింటరు పాత సాఫ్ట్‌వేర్ తీసేసి కంప్యూటరు రీస్టార్ట్ చేయండి. తర్వాత కంపెనీ సొంత సైటుకు వెళ్ళి, ప్రింటరు మీదున్న మోడల్ నంబరు అక్షరం పొల్లుపోకుండా కొట్టండి. అక్కడ చిన్న ప్రింటు డ్రైవరూ, స్కాన్ కూడా ఉన్న పూర్తి ప్యాకేజీ రెండూ కనబడితే పూర్తిదే దించుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అది అడిగినప్పుడే తీగ పెట్టండి. వెతికితే "డ్రైవర్ అప్‌డేటర్" అంటూ వేరే సైట్లు ముందు వరుసలో వస్తాయి, ఒకవేళ డబ్బు కూడా అడుగుతాయి. వాటి గడప తొక్కకండి.

అప్పటికీ రాకపోతే స్టార్ట్‌లో సర్వీసెస్ అని కొట్టి, విండోస్ ఇమేజ్ అక్విజిషన్ అనే పేరు వెతకండి. అది నడుస్తూ ఉండాలి. ఆగి ఉంటే ఆటోమేటిక్ చేసి స్టార్ట్ నొక్కండి. మా దగ్గర చివరి చిక్కు ఇదే. నొక్కగానే విండోస్ ఫ్యాక్స్ అండ్ స్కాన్‌లో ప్రింటరు పేరు కనబడింది.

వైఫై ప్రింటరైతే కంప్యూటరూ అదీ ఒకే రౌటరుకు తగులుకున్నాయో లేదో చూడండి. మీ మోడల్‌కు కంపెనీ కొత్త డ్రైవరే ఇవ్వకపోతే? వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ చాలా పాత స్కానర్లను తన సొంత డ్రైవర్లతో నడుపుతుంది, కానీ కొనాలి. కొనేముందు ఉచిత ట్రయల్‌లో మీ మోడల్ పలుకుతుందో లేదో చూసుకోండి. మార్చి పది రోజులు దాటకపోతే సెట్టింగ్స్‌లో రికవరీ నుంచి పాత విండోస్‌కు వెనక్కి పోయే దారీ ఉంటుంది. నన్నడిగితే అది ఆఖరి దారి.

స్కాన్ వచ్చాక పాత పుస్తకాల సంగతి వేరు. ఒక్కొక్క కాగితాన్నీ లాక్కునే పై ట్రేలో వాటిని ఎప్పుడూ పెట్టకండి, గాజు మీదే పరచండి. పుస్తకం వీపు విరిగేలా మూత అదమకండి. నలుపు తెలుపు కాకుండా కలర్‌లో, 300 డీపీఐలో తీయండి. సిరా బాగా వెలిసిపోయిన చోట 600 పెట్టండి. వెనక పుట అక్షరాలు ఇటు కనబడుతుంటే ఆ పుట వెనక ఒక నల్ల కాగితం పెట్టండి, చాలావరకు తగ్గుతుంది.

ఆదివారం రాత్రి పదకొండుకు చివరి పుట అయింది. సోమవారం పొద్దున అవ్వకు పుస్తకం ఇస్తే, వేలు తడి చేసుకోకుండా పుటలన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంది. పెన్‌డ్రైవ్ చూపించి, ఇందులోనూ అన్నీ ఉన్నాయవ్వా అంటే, "అయితే పాడమను" అంది.

చింతామణి, బాగేపల్లి వైపు మీ ఇళ్ళలో ఇలాంటి పదాల పుస్తకాలు ఉంటే సంఘానికి చెప్పండి. లిపి ఏదైనా సరే. మేమే వచ్చి తీసుకుపోతాం, భజన రోజుకు ముందే తిరిగి ఇస్తాం.