ఇండక్షన్ స్టవ్: గిన్నె అడుగు, ప్లగ్గు, స్లాబు

ఇండక్షన్ స్టవ్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఏ కంపెనీది మంచిదని. పదిహేను వందల నుంచి మూడు వేల రూపాయల లోపు దొరికే స్టవ్వుల్లో కంపెనీ మారినా లోపలి సరుకు పెద్దగా మారదు. అది మీ ఇంట్లో రోజూ వాడకంలో ఉంటుందా, ఆరు నెలలకే అటకెక్కుతుందా అన్నది మూడింటిని బట్టి ఉంటుంది: మీ గిన్నెల అడుగు, మీ వంటింటి ప్లగ్గు, మీ కరెంటు బిల్లు స్లాబు. ఈ మూడూ చూసుకున్నాక ఏ రంగుది కొన్నా ఫర్వాలేదు.

మంట లేదు, గాజు ఎర్రబడదు. మరి గిన్నె ఎలా కాలుతుంది?

ఇక్కడ కాలేది స్టవ్ కాదు, గిన్నే. నల్లటి గాజు పలక కింద రాగి తీగ జిలేబీలా చుట్టి ఉంటుంది. గోడ సాకెట్‌లోంచి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. స్టవ్ లోపలి సర్క్యూట్ దాన్ని 20 వేల సార్లకు పైగా ఊగేలా మార్చి ఆ చుట్టలోకి పంపుతుంది. 20 వేలు దాటించడానికో కారణం ఉంది. మనిషి చెవికి వినపడేది అంతవరకే. అంతకంటే తక్కువలో నడిపితే వంట అయ్యేదాకా కీచుమంటూనే ఉంటుంది.

చుట్ట చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, కరెంటుతో పాటు క్షణక్షణం మారుతుంది. మారే అయస్కాంత క్షేత్రంలో లోహాన్ని ఉంచితే అందులో కరెంటు పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు. గిన్నె అడుగులో అలా పుట్టిన కరెంటు సుడులు తిరుగుతూ, లోహం అడ్డుపడటంతో వేడిగా మారుతుంది. గాజుకు అంటేది గిన్నె నుంచి దిగిన వేడి మాత్రమే. అలాగని చల్లగా ఉంటుందనుకోవద్దు. పావుగంట వంట చేసి గిన్నె దించిన చోట వేలు పెడితే కాలుతుంది. మంట కనపడదు కాబట్టి పసిపిల్లలున్న ఇంట్లో ఇంకాస్త జాగ్రత్త.

మా ఇంట్లో ఉన్న గిన్నెలు పనికొస్తాయా?

ఫ్రిజ్ తలుపుకు అంటించే అయస్కాంతం ఒకటి తీసుకుని ప్రతి గిన్నెనూ బోర్లించి అడుగున పెట్టి చూడండి. గట్టిగా పట్టుకుంటే పనికొస్తుంది. జారిపోతే లేదు. సత్తు గిన్నెలు, రాగి చెంబు, ఇత్తడి బిందె, మట్టి కుండ, రాచ్చిప్ప అన్నీ ఈ పరీక్షలో తప్పుతాయి. మట్టిలోనూ రాతిలోనూ కరెంటే పుట్టదు. సత్తులో పుడుతుంది గానీ అడ్డూ ఆపూ లేకుండా పారిపోతుంది కాబట్టి వేడి చాలదు.

చిక్కల్లా స్టీలుతోనే. పెళ్లికి పెట్టిన బరువైన మంచి స్టీలు గిన్నెలకు అయస్కాంతం అంటదు. సంతలో కొన్న చవక డబ్బాకు అంటుకోవచ్చు. 304 రకం స్టీలులో 18 శాతం దాకా క్రోమియం, 8 శాతం దాకా నికెల్ ఉంటాయి. ఆ నికెల్ వల్ల అయస్కాంత గుణం పోతుంది. 430 రకంలో నికెల్ దాదాపు ఉండదు కాబట్టి అంటుకుంటుంది. అందుకే ఇండక్షన్ బేస్ అని అమ్మే గిన్నెలకు, కుక్కర్లకు అడుగున అయస్కాంతం పట్టే రేకు అతికించి ఉంటుంది. కొనేటప్పుడు ఆ రేకు అడుగంతా ఉందా, మధ్యలో చిన్న బిళ్లలా ఉందా అని తిప్పి చూడండి. బిళ్ల ఉన్నంత మేరే కాలుతుంది.

అడుగు చదునుగా ఉండాలి. స్టీలు స్కేలును అడ్డంగా పెట్టి చూస్తే వంపు ఇట్టే తెలుస్తుంది. ఇనుముదే అయినా గుండ్రటి మూకుడు సరిగ్గా పని చేయదు. అడుగులో చాలా భాగం గాజుకు దూరంగా ఉండిపోతుంది. పోపు గరిటెదీ అదే గతి. అడుగు వెడల్పు పది పన్నెండు సెంటీమీటర్లకు తగ్గితే చాలా స్టవ్వులు గిన్నె లేదనుకుని కీ కీ అని అరిచి ఆగిపోతాయి. తాలింపు వెడల్పాటి గిన్నెలోనే వేసి, అందులోనే పప్పు పోసుకోవడం అలవాటు చేసుకోవాలి. వంకాయ కాల్చి పచ్చడి చేయడం, పుల్కా పొంగించడం, అప్పడం కాల్చడం దీని మీద కుదరవు. అవి లేకుండా గడవదనుకుంటే దీన్ని రెండో పొయ్యిగానే లెక్క వేసుకోండి. నా ఓటు కూడా దానికే.

మామూలు గిన్నెల కింద పెట్టుకోమని ఇనుప పలక ఒకటి అమ్ముతారు. దానికి డబ్బు పెట్టొద్దు. ముందు పలక కాలి, తర్వాత గిన్నెకు వేడి చేరుతుంది కాబట్టి ఇండక్షన్ వల్ల వచ్చే లాభమంతా అక్కడే పోతుంది. పాత గిన్నెలే వాడాలనుంటే ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ ఉంది. అది ఎర్రగా కాలి ఏ గిన్నెనైనా వేడి చేస్తుంది, కరెంటు కొంచెం ఎక్కువ తాగుతుంది.

1200 వాట్లదా, 2000 వాట్లదా?

స్విచ్ బోర్డు చూసి చెప్పాల్సిన జవాబిది. మన ఇళ్లలో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టులతో గుణిస్తే 1380 వాట్లు. 2000 వాట్ల స్టవ్ లాగేది దాదాపు 8.7 ఆంపియర్లు. కాబట్టి దానికి లావు పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్టే కావాలి, వెనక వైరు కూడా దానికి తగ్గదై ఉండాలి. లావు ప్లగ్గును చిన్న సాకెట్‌లో దూర్చడానికి ముప్పై నలభై రూపాయల కన్వర్టర్ దొరుకుతుంది. ఈ స్టవ్వులతో జరిగే చిన్నాచితకా ప్రమాదాల్లో ఎక్కువ అక్కడే మొదలవుతాయని నా అనుమానం. ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతీ అంతే. పది నిమిషాలు నడిపాక ఆపి, ప్లగ్గు ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి పెట్టలేనంతగా కాలుతున్నా, ప్లాస్టిక్ వాసన వస్తున్నా ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

అద్దె గదిలో ఉంటూ బోర్డు మార్పించుకోలేని విద్యార్థికి 1200 వాట్లది చాలు. లీటరు నీళ్లు మరగడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. 2000 వాట్ల మీద మూడు నిమిషాల చిల్లర. ఆ తేడా కోసం వైరు కాల్చుకోనక్కర్లేదు.

తక్కువలో పెట్టినా పాలు పొంగి, ఆగి, మళ్లీ పొంగుతాయి. ఎందుకు?

చవక స్టవ్‌కూ ఖరీదైనదానికీ అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది. చవకదాంట్లో చుట్టకు కరెంటు వదిలి ఆపే పవర్ స్విచ్ సాధారణంగా ఒకటే ఉంటుంది. ఒక స్థాయి కంటే తక్కువ పవర్‌లో ఎడతెగకుండా నడిపితే అది వేడెక్కి పాడవుతుంది. అందుకే తయారీదారులు చిన్న చిట్కా వేశారు. మీరు 300 వాట్లు నొక్కితే స్టవ్ కాసేపు వెయ్యి వాట్లతో కాల్చి, కాసేపు పూర్తిగా ఆగి, మళ్లీ కాలుస్తుంది. సగటు లెక్కలో 300 అవుతుంది. పాలకు సగటు లెక్కలు తెలియవు కదా.

దీన్ని కళ్లారా చూడాలంటే వెడల్పాటి గిన్నెలో వేలి మందాన నీళ్లు పోసి, అన్నిటికంటే తక్కువ మెట్టులో పెట్టండి. ముందు అడుగున గాజులా గుండ్రంగా సన్నటి బుడగల వలయం లేస్తుంది. లోపలి రాగి చుట్ట సరిగ్గా దాని కిందే ఉంది. వలయానికి బయట నీళ్లు కదలవు. కాసేపటికి బుడగలన్నీ ఒక్కసారిగా సద్దుమణుగుతాయి, ఫ్యాను మోత మాత్రం వినిపిస్తుంటుంది. మళ్లీ టక్కున లేస్తాయి. దుకాణంలో నడిపి చూపించమని అడిగే వీలుంటే ఈ పరీక్షే చేయించండి. ఆగే విరామం ఎంత చిన్నదైతే ఆ స్టవ్ అంత మేలు.

దోసె మధ్యలో ఎర్రటి వలయం పడి అంచులు తెల్లగా ఉండిపోవడానికి కారణం కూడా ఆ వలయమే. దీనికి మందు బరువైన అడుగు. మందపాటి ఇనుప పెనం వేడిని పట్టుకుని అంచులదాకా పంచుతుంది, స్టవ్ ఆగిన సెకన్లలోనూ చల్లబడదు. పెనాన్ని ఎక్కువలో పెట్టి తొందరపెట్టకుండా మధ్యస్థంగా ఐదు నిమిషాలు కాగనిస్తే దోసె బాగా వస్తుంది. పల్చటి స్టీలు గిన్నెలో పాయసం, ముద్దపప్పు అడుగంటకుండా దించడం మాత్రం కష్టం. అవి గ్యాస్ మీద చేసుకోండి.

గ్యాస్ కంటే చవకా?

నేరుగా అవునని గానీ కాదని గానీ చెప్పలేం. లెక్క చూద్దాం. 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్న శక్తి దాదాపు 180 యూనిట్ల కరెంటుతో సమానం. మంచి గ్యాస్ స్టవ్ అందులో 68 శాతం దాకా గిన్నెకు చేరుస్తుంది, మిగతాది వంటగదిని వేడెక్కిస్తుంది. ఇండక్షన్ 85 శాతం దాకా చేరుస్తుంది. అంటే ఒక సిలిండర్ వంటకు ఇండక్షన్ మీద 145 యూనిట్లు కావాలి. సిలిండర్ 900 రూపాయలనుకుంటే, యూనిట్ ఆరు రూపాయల పైన పడితే ఇండక్షన్ నష్టం. అంతకు తక్కువైతే లాభం.

ఇప్పుడు మీ స్లాబు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 126 నుంచి 225 యూనిట్ల దాకా ఒక్కోటి 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8.75. తెలంగాణలో 200 దాటిన ఇంటికి 201 నుంచి 300 దాకా 7.70, ఆ పైన 400 దాకా 9. సర్దుబాటు ఛార్జీలు వేరే. స్టవ్ యూనిట్లు ఎప్పుడూ మీ పాత వాడకం మీద, అంటే చివరి స్లాబులో పడతాయి. ఎండాకాలం ఏసీ నడిచే ఇంట్లో ఇండక్షన్ మీద వండటం ఖరీదైన వ్యవహారం. ఇద్దరే ఉండే ఇంట్లో, నెలకు వంద యూనిట్లు కూడా కాలనిచోట చవక.

తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 200 యూనిట్ల దాకా ఉచితం. మీటరు 201 చూపించిందా, ఆ నెల మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. మొదటి 200 ఒక్కోటి 5.10 చొప్పున, ఆ పైది 7.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయల పైమాటే. స్టవ్‌ను 1500 వాట్ల మీద 40 నిమిషాలు నడిపితే ఒక యూనిట్. రోజూ టీ, పాలు, ఒక పూట అన్నం దాని మీద చేస్తే నెలకు ముప్పై యూనిట్లు అనుకోండి. 160 కాలుస్తున్న ఇంటికి ఇబ్బంది లేదు, 180 కాలుస్తున్నవాళ్లు నెలాఖరులో మీటరు చూసుకోవాలి. ఇక 500 రూపాయల సిలిండర్ అందే తెలంగాణ ఇళ్లలో, దీపం పథకం కింద ఏటా మూడు ఉచితంగా అందే ఆంధ్రా ఇళ్లలో గ్యాసే చవక. వాళ్లకు ఇండక్షన్ సిలిండర్ అయిపోయిన రోజు ఆదుకోవడానికే.

ఇడ్లీ, దోసె, పాలు అని బటన్లున్నాయి కదా, అవి మంచివేనా?

ఇంత పవర్, ఇంత సమయం అని ముందే రాసిపెట్టిన మెట్లే తప్ప లోపల ఏం ఉడుకుతోందో స్టవ్‌కు తెలియదు. డిగ్రీలు చూపించే బటనూ అంతే. వేడి కొలిచేది గాజు కింద ఉంటుంది, నూనెలో కాదు. కాబట్టి తెర మీద 180 అని చూసి నూనెను వదిలి వెళ్లొద్దు. ఎక్కువ తక్కువల మీటలు, టైమరు ఉంటే చాలు. తడిచేతులతో నొక్కేవాళ్లకు టచ్ కంటే పాత రకం నొక్కుడు బటన్లే నయం.

ఇన్వర్టర్ మీద నడుస్తుందా?

ఇళ్లలో ఉండే 900 వీఏ ఇన్వర్టర్ ఇచ్చేది ఏడెనిమిది వందల వాట్లు. నడవదు. తక్కువ మెట్టులో పెట్టి మోసపుచ్చుదామనుకున్నా, పైన చెప్పినట్టు అది వెయ్యి వాట్లతోనే మొదలవుతుంది.

ఆరోగ్యానికి ప్రమాదమా?

తిండిలోకి ఏమీ చేరదు. అయస్కాంత క్షేత్రం గిన్నెకు నాలుగు వేళ్లు దాటితే చాలా పలచబడుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు మాత్రం రెండడుగుల దూరం పాటించాలి, తమ డాక్టర్‌ను అడగాలి. గిన్నె ముట్టుకుంటే చేయి జివ్వుమంటుంటే వెంటనే ఆపేసి ఎర్తింగ్ చూపించండి.

ఏడాదికే పాడైపోయింది. ఎందుకు?

స్టవ్‌ను కొంచెం పైకెత్తి కింద చూడండి. అక్కడ ఫ్యాను ఉంటుంది, గాలి పీల్చుకునేది అక్కడినుంచే. గట్టు మురికి కాకూడదని కింద న్యూస్‌పేపరో గుడ్డో పరిస్తే ఆ గాలి బందవుతుంది. వంట కాగానే గోడ స్విచ్ ఆపేయడం కూడా తప్పే. స్టవ్ బటన్‌తో ఆపి, ఫ్యాను తనంతట తాను ఆగేదాకా ఉండాలి.

రెండోది బొద్దింకలు. రాత్రిపూట వెచ్చగా, చీకటిగా ఉండే చోటు వాటికి ఇష్టం. ఆ ఫ్యాను కన్నంలోంచి లోపలికి దూరి సర్క్యూట్ బోర్డు మీద తిరుగుతాయి, ఎక్కడో షార్ట్ అవుతుంది. పొంగిన గంజి పక్కల నుంచి లోపలికి దిగినా అదే ఫలితం. వాడనప్పుడు ప్లగ్గు తీసి, గోడకు నిలబెట్టి, గుడ్డ సంచి తొడగండి.

కరెంటు పోయి ఎక్కువ వోల్టేజితో తిరిగొచ్చినప్పుడు ఫ్యూజు, పవర్ స్విచ్ రెండూ ఒకేసారి పోవడం మామూలు. వారంటీ దాటితే టీవీలు బాగుచేసే దుకాణంలో ఆ రెండూ మార్చగలరు. ధర ముందే అడగండి, కొత్త స్టవ్ ఖరీదులో మూడో వంతు దాటితే వదిలేయండి. గాజు పలక చిట్లితే మాత్రం బేరం లేదు. సన్నటి గీతే కదా అని వాడితే పులుసు పొంగిన రోజు ఆ తడి నేరుగా కరెంటు చుట్ట మీదికే దిగుతుంది.