దగ్గు చూర్ణంలో మంచుకొండల ఆకు

మూలికల దుకాణాల్లో తాలీసపత్రం పేరిట విక్రయించే సన్నని ఎండుటాకులు మన అడవుల్లో లభించేవి కావు. అవి హిమాలయాల్లో పెరిగే ఒక ఫర్ జాతి వృక్షపు ఆకులు. దగ్గు, అరుచి నివారణకు ఆయుర్వేద వైద్యులు సూచించే తాలీసాది చూర్ణంలో శొంఠి, మిరియాలు, పిప్పళ్లతో పాటు ఈ ఆకును కలుపుతారు. దీని శాస్త్రీయ నామం ఆబీస్ స్పెక్టాబిలిస్. ఔషధ గ్రంథాల్లో ఆబీస్ వెబ్బియానా అన్న పేరూ కనిపిస్తుంది.

అఫ్గానిస్థాన్ నుంచి నేపాల్, టిబెట్ వరకు, సముద్ర మట్టానికి సుమారు 2,400 నుంచి 4,400 మీటర్ల ఎత్తులో ఈ వృక్షం పెరుగుతుంది. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదు. అందుచేత ఇక్కడివారికి ఎండుటాకే తప్ప చెట్టు పరిచయం లేదు.

మంచుకు తగిన రూపం

ఈ చెట్టు 50 మీటర్ల వరకు పెరుగుతుంది. గోపురాకారంలో ఉండటం వల్ల కొమ్మలపై పడిన మంచు నిలువక జారిపోతుంది. సూదుల వంటి ఆకులు శీతాకాలంలోనూ పచ్చగా ఉంటాయి. ఊదారంగు కాయలు కొమ్మలపై నిటారుగా నిలిచి, పండిన తర్వాత చెట్టు మీదనే రేకులుగా విడిపోయి విత్తనాలను వెదజల్లుతాయి. భూర్జ వృక్షాలు, రోడోడెండ్రాన్ పొదలు దీనికి సహచరులు. వీటి హద్దు దాటితే గడ్డి మైదానాలే.

కల్తీతో ముప్పు

హిమాలయాల్లోనే పెరిగే 'యూ' అనే మరో చెట్టు ఆకులు సైతం తాలీసపత్రం పేరుతో విపణిలో చేరుతున్నాయి. వాటిలో గుండెకు హాని కలిగించే విషపదార్థం ఉంటుంది. భారత ఆయుర్వేద ఫార్మకోపియా తాలీసగా గుర్తించినది ఫర్ ఆకులనే.

రెండింటినీ ఆకు దశలో వేరు చేయవచ్చు. ఫర్ ఆకు కొన స్వల్పంగా చీలి ఉంటుంది, అడుగున రెండు తెల్లని చారలుంటాయి. యూ ఆకు కొన మొనదేలి ఉంటుంది, తెల్లచారలు ఉండవు. పొడి చేసిన తర్వాత ఈ ఆనవాళ్లు కంటికి కనిపించవు. కనుక చూర్ణం ఇంట తయారు చేసుకునేవారు పొడికి బదులు ఆకునే కొని, వైద్యునికి చూపించి వాడటం శ్రేయస్కరం.

కలప, వంటచెరకు కోసం నరికివేత కారణంగా ఈ ఫర్ వృక్షాన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రమాదానికి చేరువైన జాతుల్లో చేర్చింది. యూ వృక్షం పరిస్థితి మరింత విషమం. అది అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. కల్తీని అరికడితే రోగులకే గాక, ఈ వృక్షానికీ మేలు జరుగుతుంది.