ఆ కీ ఎన్నాళ్లు బతుకుతుంది? ఎంత దూరం వెళ్తుంది?

2051 అక్టోబర్ 6. మైక్రోసాఫ్ట్‌లోని కృత్రిమ మేధ పరిశోధకుల బృందం ఒకటి గిట్‌హబ్‌లో పెట్టిన ఓ లింకుకు గడువు తీరాల్సిన రోజు అది. తమ మోడళ్లను ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చని 2020 జులైలో ఆ లింకు ఇచ్చారు. మొదట పెట్టిన గడువు 2021 అక్టోబర్ 5. అది తీరాక కొత్త గడువు పెట్టాల్సి వచ్చినప్పుడు ఏకంగా ముప్ఫై ఏళ్లు పెట్టేశారు.

అంతటితో ఆగలేదు. ఆ లింకులో ఉన్న టోకెన్ ఒక్క ఫోల్డరుకు కాదు, మొత్తం స్టోరేజీ ఖాతాకే దారి తీసింది. చదవడానికే కాదు, రాయడానికీ చెరపడానికీ వీలిచ్చింది. 2023 జూన్ 22న విజ్ అనే భద్రతా సంస్థ చెబితే గానీ విషయం తెలియలేదు. అప్పటికి ఆ ఖాతాలో ఉన్నది 38 టెరాబైట్లు. ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ల బ్యాకప్‌లు, 359 మంది ఉద్యోగుల 30,000కు పైగా టీమ్స్ సందేశాలు అందులో ఉన్నాయి. వినియోగదారుల డేటా ఏదీ బయటపడలేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విజ్ చెప్పిన రెండు రోజుల్లోనే టోకెన్‌ను రద్దు చేసింది.

ఈ ఉదంతంలో గోడలు బద్దలు కొట్టిన హ్యాకరు ఎవరూ లేరు. ఉన్నవి రెండు అంకెలు: టోకెన్ ఎంతకాలం చెల్లుతుంది, ఎంత మేరకు చెల్లుతుంది. క్లౌడ్‌లో యంత్రాలకు ఇచ్చే అనుమతుల వ్యవహారమంతా ఈ రెంటి చుట్టూనే తిరుగుతుంది. ఆయుష్షును పరిధితో గుణిస్తే వచ్చేదే ప్రమాదం.

యంత్రాలకు అనుమతులు ఎందుకు? మనిషి లాగిన్ కావాలంటే పాస్‌వర్డ్ కొడతాడు, ఫోనుకు వచ్చిన ఓటీపీ ఇస్తాడు. రాత్రి రెండు గంటలకు బిల్లులు తయారుచేసే ప్రోగ్రాముకు ఫోను ఉండదు. అయినా అది డేటాబేస్‌ను తెరవాలి, ఫైళ్లు రాయాలి. అందుకని దానికీ ఒక గుర్తింపు ఇస్తారు. గూగుల్ క్లౌడ్‌లో దాన్ని సర్వీస్ అకౌంట్ అంటారు. చూడటానికి ఈమెయిల్ అడ్రసులా ఉంటుంది. అమెజాన్‌లో ఆ పని ఐఏఎమ్ రోల్ చేస్తుంది, మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌లో మేనేజ్డ్ ఐడెంటిటీ చేస్తుంది. మనుషుల గుర్తింపులు ఒకటుంటే యంత్రాలవి పది ఉన్నాయని మైక్రోసాఫ్ట్ 2023 నివేదిక లెక్కగట్టింది. ఉద్యోగి మానేస్తే అతని లాగిన్‌ను హెచ్‌ఆర్ వాళ్లు ఆ సాయంత్రమే మూసేస్తారు. అతను రెండేళ్ల కింద ఒక ప్రాజెక్టు కోసం తెరిచిన సర్వీస్ అకౌంట్ మాత్రం ఎవరి జాబితాలోనూ ఉండదు. దానికి రాజీనామా లేదు, రిటైర్మెంటు లేదు.

మొదట ఆయుష్షు సంగతి. గూగుల్ సర్వీస్ అకౌంట్‌కు కీ తయారుచేస్తే ఒక జేసన్ ఫైలు దిగుతుంది. ఆ ప్రైవేటు కీని గూగుల్ తన దగ్గర దాచుకోదు. ఆ ఒక్కసారే ఇస్తుంది. ఎవరూ ప్రత్యేకంగా పెట్టకపోతే దానికి గడువంటూ ఉండదు. ఒక్కో అకౌంట్‌కు పది కీలు తీసుకోవచ్చు. ఒక్కో ప్రాజెక్టులో మామూలుగా వంద సర్వీస్ అకౌంట్లు తెరవొచ్చు. అంటే ఒక్క ప్రాజెక్టు నుంచి వెయ్యి కీ ఫైళ్లు పుట్టే వీలుంది. ఇరవై ప్రాజెక్టులున్న మధ్యస్థ సంస్థలో ఇరవై వేలు. అన్నీ తయారు కావు, నిజమే. కానీ తయారైనది ఏ ల్యాప్‌టాప్‌లో ఉందో, ఏ చాట్‌లో ఎవరికి ఫార్వర్డ్ అయిందో చెప్పగలిగే రిజిస్టరు క్లౌడ్‌లో ఎక్కడా లేదు. కీ ఉందని గూగుల్‌కు తెలుసు. దాని ప్రతులు ఎన్నున్నాయో తెలియదు.

అమెజాన్ ఒక్కో ఐఏఎమ్ యూజర్‌కు రెండు యాక్సెస్ కీలకే అనుమతిస్తుంది. పాతది పనిచేస్తుండగానే కొత్తది పెట్టి, అన్నీ సరిగ్గా నడుస్తున్నాయని చూసుకుని పాతదాన్ని తీసేయడానికి రెండు చాలు. ఎన్నో చోట్ల జరిగేది వేరు: రెండో కీ కూడా ఎక్కడో ఒకచోట వాడుకలో పడిపోతుంది, ఇక మార్చడానికి ఖాళీ మిగలదు.

ఇలాంటి కీలు చేరకూడని చోటికి చేరడం మామూలే. గిట్‌గార్డియన్ అనే సంస్థ ఏటా గిట్‌హబ్‌లోని పబ్లిక్ కోడును గాలిస్తుంది. 2024లో అందులో కొత్తగా బయటపడ్డ రహస్యాలు, అంటే కీలు, టోకెన్లు, పాస్‌వర్డులు కలిపి, దాదాపు 2.38 కోట్లు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అది కాదు. 2022లో బయటపడినవాటిలో 70 శాతం అప్పటికీ పనిచేస్తూనే ఉన్నాయని అదే సంస్థ నివేదిక చెప్పింది. టయోటా కథ ఇందుకు సాక్ష్యం. టీ-కనెక్ట్ సేవ తాలూకు సోర్స్ కోడులో కొంత భాగాన్ని సబ్ కాంట్రాక్టరు ఒకరు 2017 డిసెంబర్‌లో పొరపాటున గిట్‌హబ్‌లో బహిరంగంగా పెట్టారు. అందులో డేటా సర్వర్ కీ ఉంది. 2022 సెప్టెంబర్ దాకా ఎవరూ గమనించలేదు. దాదాపు 57 నెలలు. 2,96,019 మంది కస్టమర్ల ఈమెయిల్ వివరాలు అన్నాళ్లూ ఆ కీకి అందుబాటులో ఉన్నాయి.

అటువైపు కాచుకున్నవాళ్లకు నెలలు అక్కర్లేదు. పాలో ఆల్టో నెట్‌వర్క్స్‌కు చెందిన యూనిట్ 42 పరిశోధకులు 2023లో ఒక ముఠా పనితీరును గమనించారు. గిట్‌హబ్‌లో అమెజాన్ కీ బయటపడిన ఐదు నిమిషాల్లోపే ఆ ముఠా దాన్ని పట్టుకుని వాడటం మొదలుపెట్టింది.

ఐదు నిమిషాలు అన్న ఈ లెక్కను పక్కన పెట్టుకుని చూస్తే, ఆడిట్లలో గొప్పగా రాసుకునే '90 రోజులకోసారి కీ మార్చాలి' అన్న నియమం ఎంతవరకు కాపాడుతుంది? తొంభై రోజుల్లో ఐదు నిమిషాల వ్యవధులు 25,920. గంటలో పన్నెండే. కీ మార్చడం వృథా అనడం లేదు. మరచిపోయిన కీ 57 నెలలు బతకడం కంటే అది ఎంతో మేలు. కానీ దాన్నే భద్రత అనుకోవడం పొరపాటు. అసలు పరిష్కారం దీర్ఘకాలపు కీ లేకుండా చేయడమే. గూగుల్ ఇచ్చే తాత్కాలిక టోకెన్ మామూలుగా 3,600 సెకన్లకు చెల్లకుండా పోతుంది. అమెజాన్ రోల్ సెషన్‌ను 15 నిమిషాలకు కుదించవచ్చు, 12 గంటల దాకా పెంచవచ్చు; ఏమీ చెప్పకపోతే గంట. క్లౌడ్ లోపల నడిచే ప్రోగ్రాముకు ఈ టోకెన్లను క్లౌడే అందిస్తుంది. ఫైలు ఉండదు, దాచేది ఉండదు. గిట్‌హబ్ లాంటి బయటి చోట నుంచి కోడు ఎక్కించాలన్నా ఇప్పుడు కీ పెట్టనక్కర్లేదు. గిట్‌హబ్ సంతకం చేసిన పత్రాన్ని చూసి క్లౌడ్ తాత్కాలిక టోకెన్ ఇస్తుంది. దీన్ని వర్క్‌లోడ్ ఐడెంటిటీ ఫెడరేషన్ అంటారు. ఇందులో ఒక మెలిక ఉంది. 'గిట్‌హబ్ సంతకం ఉంటే చాలు' అని రాసి వదిలేస్తే లోకంలో గిట్‌హబ్ వాడే ఎవరికైనా తలుపు తీసినట్టే. 'ఫలానా సంస్థ, ఫలానా రిపాజిటరీ, ఫలానా బ్రాంచి' అని షరతు రాయాలి.

గడువు లేని కీ ఎంత చేటో గూగుల్ కూడా గ్రహించింది. 2024 మే 3 నుంచి కొత్తగా ఏర్పడే ఆర్గనైజేషన్లలో సర్వీస్ అకౌంట్ కీలు తయారుచేయడాన్ని ముందే నిషేధించి ఇస్తోంది. అంతకుముందు నుంచీ ఉన్నవాళ్లు ఆ నిషేధాన్ని తామే పెట్టుకోవాలి.

సరే, టోకెన్ గంటే బతికిందనుకుందాం. అది చాలదని చెప్పిన ఉదంతం క్యాపిటల్ వన్.

అమెరికాకు చెందిన ఈ బ్యాంకు డేటా అమెజాన్ క్లౌడ్‌లో ఉండేది. 2019 మార్చి 22, 23 తేదీల్లో చొరబాటు జరిగింది. బ్యాంకు సర్వర్లలో ఒకదాని మీద ఫైర్‌వాల్ ప్రోగ్రాము నడుస్తోంది. దాని సెట్టింగుల్లో లోపం ఉంది: బయటివాళ్లు పంపిన అభ్యర్థనను అది తన తరఫున లోపలి అడ్రసులకు చేరవేసేది. క్లౌడ్‌లోని ప్రతి సర్వర్‌కూ తన టోకెన్ అడిగి తెచ్చుకునే అడ్రసు ఒకటి ఉంటుంది, 169.254.169.254. బయటి నుంచి దాన్ని ఎవరూ చేరలేరు. దాడి చేసిన వ్యక్తి ఫైర్‌వాల్ చేతనే దాన్ని అడిగించింది. అడిగింది సొంత సర్వరే కదా, టోకెన్ వచ్చేసింది.

ఇక్కడిదాకా చెడింది ఒక్క సర్వర్. ఆ ఫైర్‌వాల్‌కు ఇచ్చిన రోల్ చూడండి. వచ్చే పోయే ట్రాఫిక్‌ను వడగట్టడం దాని పని. దాని రోల్‌కేమో స్టోరేజీ బకెట్ల జాబితా చూసే అధికారం, వాటిలోని ఫైళ్లు చదివే అధికారం ఉన్నాయి. పొలానికి నీళ్లు కట్టే మనిషికి బీరువా తాళాలు కూడా ఇచ్చినట్టు. ఫలితంగా 700కు పైగా బకెట్లు లేదా ఫోల్డర్లు కనిపించాయి. 2005 నుంచి 2019 ఆరంభం దాకా వచ్చిన క్రెడిట్ కార్డు దరఖాస్తులు బయటికి పోయాయి. అమెరికాలో దాదాపు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది. 1,40,000 సోషల్ సెక్యూరిటీ నంబర్లు, 80,000 బ్యాంకు ఖాతా నంబర్లు. బ్యాంకుకు ఈ సంగతి తన కాపలా వ్యవస్థ చెప్పలేదు. జులై 17న బయటి వ్యక్తి ఒకరు ఈమెయిల్ పంపారు. అప్పటికి దాదాపు నాలుగు నెలలు. 2020 ఆగస్టులో నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. బాధితుల దావాను 19 కోట్ల డాలర్లతో పరిష్కరించుకున్నారు.

ఆ రోల్‌కు ఆ రెండు అధికారాలు లేకుంటే లోపం లోపంగానే ఉండేది. కోట్ల దరఖాస్తులు మాత్రం పోయేవి కావు. అమెజాన్ 2019 నవంబర్‌లోనే టోకెన్ అడగడానికి కొత్త పద్ధతి తెచ్చింది. అందులో ముందు ఒక సెషన్ టోకెన్ తీసుకోవాలి, ఆ తర్వాతే అసలు టోకెన్ అడగాలి. ఇది మరింత సురక్షితమైన దారి కాబట్టి వాడాల్సిందే. కానీ పరిధిని తగ్గించే పని అమెజాన్ చేయలేదు. అది ఖాతాదారుదే.

పరిధి ఎందుకు పెరుగుతుంది? ఎక్కువసార్లు తొందర వల్ల. ప్రోగ్రాము 'పర్మిషన్ డినైడ్' అంటుంది, విడుదల రేపు, ఏ అనుమతి తక్కువైందో వెతికే ఓపిక లేదు. అడ్మిన్ రోల్ ఇచ్చేస్తే నడుస్తుంది. నడిచాక దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోరు. కొంత తప్పు క్లౌడ్ సంస్థలదీ. గూగుల్ చాలా ఏళ్లు తన డిఫాల్ట్ సర్వీస్ అకౌంట్లకు అడక్కుండానే ఎడిటర్ రోల్ ఇచ్చింది. ఆ రోల్‌లో ఉన్న అనుమతులు వేలల్లో ఉంటాయి. ఇచ్చిన అనుమతుల్లో నిజంగా వాడేది ఒక్క శాతమేనని మైక్రోసాఫ్ట్ 2023 నివేదిక తేల్చింది. ఇలాంటి లెక్కలు వేసే సంస్థలు భద్రతా సాధనాలు అమ్ముకునేవి కూడా. ఆ ఒక్క శాతం మీ దగ్గర ఐదు కావచ్చు, పది కావచ్చు. పదైనా మిగతా తొంభై దొంగకు ఉంచినవే.

పరిధిని లెక్కపెట్టేటప్పుడు అనుభవజ్ఞులు కూడా తప్పే చోటు ఒకటుంది. ఒక అకౌంట్ నేరుగా ఏం చేయగలదో చూస్తే సరిపోదు. ఇంకెవరి పేరు మీద పని చేయగలదో చూడాలి. గూగుల్‌లో 'సర్వీస్ అకౌంట్ టోకెన్ క్రియేటర్' అనే రోల్‌ను ప్రాజెక్టు స్థాయిలో ఇస్తే, ఆ ప్రాజెక్టులోని ప్రతి సర్వీస్ అకౌంట్ టోకెన్‌నూ పుట్టించవచ్చు. అమెజాన్‌లో 'పాస్ రోల్' అనుమతిని హద్దు లేకుండా, సర్వర్ తెరిచే అనుమతితో కలిపి ఇచ్చినా అంతే. పెద్ద రోల్ తగిలించి సర్వర్ ఒకటి తెరిచి, అందులోంచి ఆ అధికారాలన్నీ వాడుకోవచ్చు. కాగితం మీద అలాంటి అకౌంట్‌కు ఒక్క ఫైలూ చదివే హక్కు ఉండదు. చేతిలో మాత్రం ప్రాజెక్టంతా ఉంటుంది. ఇలాంటి రోల్స్‌ను ఒక్కో అకౌంట్ మీద విడిగా ఇవ్వాలి, ప్రాజెక్టు మొత్తం మీద ఇవ్వకూడదు.

ఇక కనిపెట్టడం. ఇక్కడ మన చట్టం అంకెలకూ క్లౌడ్ డిఫాల్ట్ అంకెలకూ పొంతన లేదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, చొరబాటు గమనించిన ఆరు గంటల్లో తెలియజేయాలి. లాగ్‌లు 180 రోజులు దాచాలి. అమెజాన్ క్లౌడ్‌ట్రెయిల్‌లో ఊరికే కనిపించే చరిత్ర 90 రోజులే. పైగా బకెట్‌లోంచి ఎవరు ఏ ఫైలు చదివారన్నది ప్రత్యేకంగా ఆన్ చేస్తే తప్ప క్లౌడ్‌ట్రెయిల్‌లో నమోదు కాదు. గూగుల్‌లో అడ్మిన్ మార్పుల లాగ్ 400 రోజులు ఉంటుంది. డేటా ఎవరు చదివారన్న లాగ్ బిగ్‌క్వెరీలో తప్ప ముందుగా ఆన్ అయి ఉండదు. ఆన్ చేసినా మామూలుగా 30 రోజులే నిలుస్తుంది. ఏ సెట్టింగూ ముట్టుకోని సంస్థ ఏం పోయిందన్న ప్రశ్నకు జవాబు చెప్పలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మాత్రం తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చంటోంది. డేటా హైదరాబాద్‌లోనే ఉంది కదా అన్న ధీమా కూడా పనికిరాదు. 2022 నవంబర్‌లో మొదలైన అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో ఫైళ్లు పెట్టుకున్నా, ఐఏఎమ్ కీకి రీజియన్ ఉండదు. ఎక్కడినుంచి వాడాలో షరతు రాయకపోతే ఏ దేశం నుంచైనా పనిచేస్తుంది.

పాత అకౌంట్లను శుభ్రం చేయడం మొదలుపెట్టేవాళ్లకు ఒక్క జాగ్రత్త. ఎవరు ఏ అనుమతి వాడటం లేదో గూగుల్ రికమెండర్ చెబుతుంది. అది చూసేది మహా అయితే గత 90 రోజుల వాడుకనే. మార్చి 31న సంవత్సరాంతపు లెక్కలు తేల్చే ప్రోగ్రాము అక్టోబర్‌లో చూస్తే పనీపాటా లేనిదిలా కనిపిస్తుంది. అందుకే వెంటనే డిలీట్ చేయకుండా ముందు డిసేబుల్ చేయండి. గగ్గోలు లేస్తే ఒక్క క్లిక్కుతో తిరిగి ఆన్ అవుతుంది. డిలీట్ చేసిన సర్వీస్ అకౌంట్‌ను మాత్రం 30 రోజుల్లోపే వెనక్కి తేగలరు. అదే పేరుతో కొత్తది తెరిచినా పాత అనుమతులు దానికి రావు, ఎందుకంటే క్లౌడ్ గుర్తుపెట్టుకునేది పేరును కాదు, వెనకున్న నంబరును.