కాలి సైగకు తెఱచుకొను డిక్కీ

సూర్యాపేటనుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి చెంత, చివ్వెంల మండలమందలి దురాజ్‌పల్లి గట్టుపై రెండేండ్లకొకమారు లింగమంతుల స్వామి జాతర జరుగును. పెద్దగట్టు జాతర యని దీనికి వాడుక. 2025వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో జరిగిన జాతరకు లక్షలకొలది జనము వచ్చిరి. ఎడ్లబండ్లతోపాటు కార్లును ఇప్పుడచ్చటికి వరుసలు కట్టుచున్నవి. కారెక్కబోవు ఇల్లాలిని చూడుడు! చంకను బిడ్డ, ఒక చేత బోనపుకుండ, ముంజేతికి బట్టలసంచి. డిక్కీ తెఱచుటకు మూడవ చెయ్యి యెక్కడిది?

ఆ పని కాలికి అప్పగించిన కార్లు వచ్చియున్నవి. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 2012లో అమ్మకమునకు తెచ్చిన ఎస్కేప్ కారులో ఈ సదుపాయముండెను. మన దేశమున టాటావారు 2023లో క్రొత్తగా దిద్దిన హారియర్, సఫారీ కార్లలో హెచ్చు ధరగలవానికి దీనిని అమర్చిరి.

ఇందు మాయయేమియు లేదు. వెనుక బంపరు లోపల కంటికగపడని గ్రాహకములుండును. మన కాలు సమీపింపగానే అచ్చటి విద్యుత్ క్షేత్రము కొంచెము మాఱును. ఆ మార్పును గుర్తించి యంత్రము తలుపెత్తును. ఫోర్డువారి ఏర్పాటులో ఒక గ్రాహకము మోకాలి క్రింది ముందుభాగమును, మఱియొకటి పాదపు కదలికను కనిపెట్టును. అయితే తాళపుచెవి మన యొద్దనే యుండవలెను. లేనిచో ఎవరెన్నిమార్లు కాలాడించినను డిక్కీ కదలదు.

దసరానాడు పసుపుకుంకుమలు పెట్టి పూజించిన బండిని తన్నుటా యని అత్తగారు ముక్కుపై వ్రేలుంచుకొనవచ్చును. తన్నుట కాదమ్మా! కాలు బండికి తగులనే నక్కఱలేదు. బంపరు క్రిందికి తిన్నగా పాదమును చాచి, వెంటనే వెనుకకు తీసికొనవలెను. అడ్డముగా ఊపినను, లోపలనే నిలిపినను పెక్కు కార్లు గ్రహింపవు. పిమ్మట ఒక అడుగు వెనుకకు జరుగుట మఱవరాదు. పైకి లేచు తలుపు గడ్డమునకు తగులవచ్చును.

చేతులు నిండియున్నవారికే యిది యుద్దేశింపబడినది గాని, బరువుతో ఒంటికాలిపై నిలుచుట సులభమా? చీర కుచ్చెళ్ళు కాళ్ళకు చుట్టుకొనును, జాతరనేల యెగుడుదిగుడు. సంచులు మోయుచున్నప్పుడు సరియే. చంకను బిడ్డయున్నప్పుడు మాత్రము ఈ విద్య వలదని నా యభిప్రాయము. బిడ్డను మఱియొకరి కందించి తెఱచుట మేలు. హ్యుండాయ్ వారి కొన్ని కార్లలో తాళపుచెవితో వెనుక మూడు క్షణములు నిలిచిన చాలును, డిక్కీ తానై తెఱచుకొనును. చీర కట్టువారికి ఆ పద్ధతియే నాకు నచ్చినది.

మూతపడునప్పుడు అడ్డము తగిలినచో తలుపు వెనుదిరుగునట్లు అమర్తురు. ఐనను ఆ ధీమాతో పసివారి వ్రేళ్ళను దాని దరికి పోనీయరాదు. కారు కడుగునప్పుడు తాళపుచెవిని బొడ్డున దోపుకొని యుండకుడు. నీటి ధారకో, మన కాళ్ళ కదలికకో డిక్కీ తటాలున తెఱచుకొని, లోపలి బట్టల మూటలన్నియు తడియును.