మిలిటరీ పింఛను, మండలంలో ఇల్లు

ముప్పై ఏడు, ముప్పై ఎనిమిదేళ్లకే మనిషిని ఇంటికి పంపించే సర్కారు కొలువు సైన్యం. పద్దెనిమిదేళ్లకో పందొమ్మిదేళ్లకో చేరిన జవాను, పింఛనుకు కావలసిన పదిహేనేళ్ల సర్వీసు పూర్తిచేసి, ఇంకో నాలుగేళ్లు చూసుకుని బయటకొస్తాడు. దేశమంతటా ఏటా సుమారు 60 వేల మంది ఇలా యూనిఫాం విప్పుతారు. అప్పటికి పిల్లలు హైస్కూల్లో ఉంటారు, తల్లిదండ్రులకు పెద్దతనం వచ్చి ఉంటుంది. ఇన్నేళ్లూ బారకులో, క్వార్టర్‌లో గడిచిపోయింది కాబట్టి సొంతిల్లన్న మాట అప్పుడు మొదలవుతుంది. మహబూబాబాద్ జిల్లా తొర్రూరు లాంటి చోట అది మామూలుగా అన్నదమ్ములతో పంచుకోవలసిన పాత పెంకుటిల్లు, లేదంటే వరంగల్–ఖమ్మం రోడ్డు వెంట రోజురోజుకూ రేటు పెరుగుతున్న ప్లాటు. ఇతనికి ఇంటి సాయం ఏముంది అని అడిగితే చాలానే ఉన్నట్టు కనిపిస్తుంది. చిక్కల్లా, వాటిలో కొన్ని అతని స్తోమతకు మించినవి, కొన్ని అతను అందుకోవడానికి వీల్లేనంత పేదల కోసం పెట్టినవి. మధ్యలో ఉన్నవాడికి దారి చూపాలంటే కొత్త పథకం కన్నా ముందు, మండలంలో కాగితం తెలిసిన మనిషి కావాలి. ఆ పని చేయగలిగినవాళ్లు మళ్లీ ఆ మాజీ సైనికులే.

ముందు పేదల పథకం సంగతి. 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం సొంత జాగా ఉన్న పేద కుటుంబానికి 5 లక్షల రూపాయలిస్తుంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. బేస్‌మెంట్ లేపి ఫొటో ఎక్కించాకే మొదటి విడత పడుతుంది. అర్హతకు రేషన్ కార్డు కొలమానం. పల్లెల్లో ఆ కార్డుకు ఆదాయ పరిమితి ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఏడో వేతన సంఘం తర్వాత సైనిక పింఛను కనీస మొత్తం నెలకు 9,000. 2024 జనవరి నాటికి కరువు భత్యం 50 శాతానికి చేరింది కాబట్టి అది 13,500 అయింది, అంటే ఏడాదికి 1,62,000. అట్టడుగు పింఛను తీసుకునే జవాను కూడా పల్లెలో ఉంటే పరిమితి దాటిపోయినట్టే. చిన్న పంచాయతీల నుంచి వచ్చి తొర్రూరు మున్సిపాలిటీలో అద్దెకుండే, అంతకన్నా ఎక్కువ పింఛనున్న హవల్దారు సంగతి చెప్పనక్కర్లేదు.

పై అంతస్తున ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ ఉంది. 1978లో సొసైటీగా ఏర్పడిన ఈ సంస్థ లాభం చూసుకోకుండా ఫ్లాట్లు కడుతుంది, కానీ ఖర్చంతా కొనేవాళ్లే పెట్టుకోవాలి. గిరాకీ ఉన్న పెద్ద నగరాల్లోనే కడుతుంది, అదీ న్యాయమే. అయితే మహబూబాబాద్ జిల్లా జవానుకు హైదరాబాద్ శివారు ఫ్లాటు బతుకుదెరువుకు దూరం, జేబుకు ఇంకా దూరం. కేంద్రీయ సైనిక్ బోర్డు ఇంటి రుణం మీద వడ్డీలో సగం తిరిగిస్తుంది గానీ, అది యుద్ధంలో లేక విధి నిర్వహణలో చనిపోయినవారి కుటుంబాలకు, అంగవైకల్యం పొందినవారికి మాత్రమే, గరిష్ఠంగా లక్ష రూపాయల పరిమితితో. స్లాబుకు స్టీలూ సిమెంటూ తెప్పించేసరికే ఆ లక్ష కరిగిపోతుంది. ఉమ్మడి రాష్ట్రంలో మాజీ సైనికులకు ప్రభుత్వ భూమి అసైన్ చేసేవారు, పదేళ్ల తర్వాత అమ్ముకునే వెసులుబాటు కూడా ఇచ్చారు. ఇప్పుడు పంచడానికి మిగిలిన భూమే తక్కువ.

మరి జవాన్లు ఇళ్లెలా కడుతున్నారు? తమ పింఛనునే అమ్ముకుని. సైనికుడు పింఛనులో సగం దాకా కమ్యూట్ చేసుకుని ఆ మొత్తం ఒకేసారి చేతికి తెచ్చుకోవచ్చు. సివిల్ ఉద్యోగికి ఆ వీలు 40 శాతం వరకే. ఆ సగం తిరిగి రావడానికి పదిహేనేళ్లు పడుతుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి యాభై మూడు వచ్చేదాకా సగం మూల పింఛనుతో, అంటే పిల్లల చదువులూ పెళ్లిళ్లూ అన్నీ నడిచే కాలమంతా నెట్టుకురావాలి. ఇల్లు కట్టుకున్నాడు కదా అని ఊరు చూస్తుంది. ఆ ఇల్లు దేన్ని తాకట్టు పెట్టి లేచిందో లెక్క కట్టేవాడు ఉండడు.

ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. పింఛను ఉంది, క్యాంటీన్ ఉంది, 2003 నుంచి వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ ఉంది, రాష్ట్ర ఉద్యోగాల్లో 2 శాతం రిజర్వేషన్ ఉంది. గుడిసెలో ఉన్న కూలీ కుటుంబాన్ని పక్కన పెట్టి ఇతనికెందుకు? పక్కన పెట్టమని ఎవరూ అనడం లేదు. ఇందిరమ్మ వాటాలోంచి ముక్క కోసి ఇమ్మనడం తప్పే అవుతుంది. కావలసింది వేరే: కమ్యూటేషన్ సొమ్ముతో కట్టుకునేవాడికి అనుమతి రుసుములో, ఇంటిపన్నులో ఊరట, బ్యాంకు రుణానికి వడ్డీ రాయితీ. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మేలో గ్రామ పంచాయతీల పరిధిలోని సైనికుల ఇళ్లకు పన్ను మినహాయించారు, అదీ సర్వీసులో ఉన్నవారికి కూడా. ఖజానాకు అది భారమని ఎవరూ గోల పెట్టలేదు. పైగా సాయం ఎవరికందుతుందనేది వార్తను బట్టి ఉండకూడదు. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్‌బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, హైదరాబాద్‌లో ఇంటిస్థలం, భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వాల్సిందే, అందులో వెలితి వెతకనక్కర్లేదు. కానీ పదిహేడేళ్లు సరిహద్దులో కాపలా కాసి ప్రాణాలతో తిరిగొచ్చినవాడి ఇంటి గురించి ఏ జీవోకూ తొందర ఉండదు.

ఇంతకన్నా కింద ఇంకో వర్గం ఉంది: పదిహేనేళ్లు నిండకుండానే బయటకొచ్చి, పింఛను లేకుండా ముసలైనవాళ్లు, వాళ్ల భార్యలు. హవల్దారు హోదా వరకు, 65 ఏళ్లు దాటినవారికి రక్షణ మంత్రి నిధి నుంచి వచ్చే సాయాన్ని 2025 నవంబరు నుంచి నెలకు 4,000 నుంచి 8,000కు పెంచారు. ఇది ఉందని తెలియాలి, దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టాలి, సైనిక సంక్షేమ కార్యాలయం ధ్రువీకరించాలి. ఆ కార్యాలయం వరంగల్‌లో. తొర్రూరు నుంచి యాభై కిలోమీటర్ల పైమాట. చాలా పనులు ఆగేది అక్కడ కూడా కాదు, డిశ్చార్జి బుక్కు దగ్గర. అందులో ఇంటిపేరు చివరికి పోయి, అసలు పేరు రెండు ముక్కలై ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది. భార్య పేరు పెళ్లికి ముందుది రికార్డుల్లో, తర్వాతది కార్డులో. సైనిక పింఛన్లు చూసే స్పర్శ్ పోర్టల్‌కు ఈ పేర్లన్నీ వేరువేరు మనుషులవి. ఏటేటా జీవన ప్రమాణ పత్రం పడకపోతే ఫ్యామిలీ పింఛను ఆగిపోతుంది. మీసేవ కుర్రాడికి పహాణీ, కుల ధ్రువీకరణ కొట్టిన పిండి. మిలిటరీ రికార్డు ఆఫీసుకు ఏం రాయాలో అతనికి తెలియదు, క్లర్కుగా పనిచేసి రిటైరైన హవల్దారుకు తెలుసు.

స్వచ్ఛంద సేవ అనేది ఇక్కడ అక్కరకొస్తుంది. అమెరికాలో ఇల్లు లేని మాజీ సైనికుల సంఖ్య 2010లో ఉన్నదానిలో 2024 నాటికి సగానికన్నా తక్కువైంది. అద్దె కట్టడానికిచ్చే కూపనుతో పాటు ఒక్కొక్కరి వెంట ఉండి పని నడిపించే కార్యకర్తను జతచేయడం అందుకు ఒక కారణం. మన దగ్గర సమస్య వీధిన పడటం కాదు, కానీ వెంట మనిషి ఉండాలన్న సంగతి మనకూ వర్తిస్తుంది. సేవ అక్కరకొచ్చే ఇంకో చోటు వరద. 2024 సెప్టెంబరు 1న ఆకేరు పొంగి మరిపెడ ప్రాంతాన్ని ముంచెత్తింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఎన్డీఆర్ఎఫ్ వచ్చేలోగా తాడు కట్టడం, పడవ నడపడం, గాయానికి కట్టు కట్టడం నేర్చినవాళ్లు అక్కడి తండాల్లో ఎంతమంది ఉన్నారో ఏ ఆఫీసులోనూ జాబితా లేకపోతే ఏం లాభం? 2010 హైతీ భూకంపం తర్వాత అమెరికా మెరీన్లుగా పనిచేసిన ఇద్దరు మొదలెట్టిన టీమ్ రూబికాన్ చేసేది ఇలా మాజీ సైనికులను కూడగట్టి విపత్తుల్లో సాయానికి దింపే పనే.

సేవ పేరుతో ఉచిత చాకిరీ చేయించుకోవడం కాదా ఇది? అలా జరిగే ప్రమాదం ఉంది. అందుకే ప్రయాణ ఖర్చు, బీమా, విపత్తు రోజుల్లో భత్యం ఇవ్వకుండా పిలవకూడదు. ఇల్లిస్తాం, బదులుగా సేవ చేయండి అనే షరతు అసలే పెట్టకూడదు. మండలానికి ఎంతమంది ఉంటారులే అన్నవాళ్లకు జవాబు సులువు: తక్కువమందే ఉంటే ఖర్చూ తక్కువే. జిల్లా సైనిక్ బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే. నెలకు ఒక రోజు తొర్రూరు మండల పరిషత్తులో ఒక గది, ఒక కంప్యూటరు, ఇద్దరు మాజీ సైనికులు కూర్చోవడానికి ఆయన సంతకం చాలు.

తొందర ఎందుకంటే, అగ్నివీరులు వస్తున్నారు. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో అగ్నిపథ్ మీద నిరసనలో జరిగిన కాల్పుల్లో చనిపోయిన యువకుడు వరంగల్ జిల్లా పల్లెవాడే. అదే పథకంలో 2022 చివర్లో, 2023 మొదట్లో చేరిన తొలి విడతకు నాలుగేళ్ల గడువు తీరుతుంది. నాలుగో వంతు మందిని ఉంచుకుని మిగతావారిని సుమారు 11.71 లక్షల సేవానిధితో పంపిస్తారు. వారికి పింఛను ఉండదు, మాజీ సైనికుల హోదా ఉండదు. పాతికేళ్ల చుట్టుపక్కల ఉన్న ఆ కుర్రాళ్లకు ప్లాటు ఏజెంటు ఇంటికొచ్చేలోగా, ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పే ఒక పాత సుబేదారు మండలంలో కూర్చుని ఉండాలి.