గాయాన్ని ఎవరి కోసం చూపుతున్నాం?

1955 ఆగస్టులో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో 14 ఏళ్ల నల్లజాతి బాలుడు ఎమ్మెట్ టిల్‌ను తెల్లజాతి దుండగులు చిత్రవధ చేసి చంపి నదిలో పడేశారు. షికాగోలో అంత్యక్రియల వేళ శవపేటిక మూత తెరిచే ఉంచాలని తల్లి మేమీ టిల్ పట్టుబట్టారు. ఛిద్రమైన ఆ ముఖం ఫొటో ‘జెట్’ పత్రికలో వచ్చి పౌరహక్కుల ఉద్యమానికి ఊపునిచ్చింది. నిందితులను మాత్రం తెల్లవారితోనే నిండిన జ్యూరీ నిర్దోషులుగా వదిలేసింది.

నల్లవారి వేదనను తెరకెక్కించిన ఏ చిత్రాన్నయినా నేను ఆ తల్లి నిర్ణయంతో పోల్చి చూస్తాను. గాయాన్ని చూపాలా వద్దా, ఎందుకు చూపాలి అన్నది అక్కడ గాయపడినవారే తేల్చుకున్నారు.

2021లో వచ్చిన ‘దెమ్’ వెబ్ సిరీస్‌లో, 1953లో కాంప్టన్‌లోని తెల్లవారి వీధిలో ఇల్లు కొనుక్కున్న నల్లజాతి కుటుంబాన్ని ఇరుగుపొరుగు వేధిస్తారు. అలాంటి వేధింపులు చరిత్రలో ఉన్నవే. కానీ తల్లిపై అఘాయిత్యాన్ని, పసిబిడ్డ హత్యను చూపిన ఘట్టం వద్ద నేను ఆపేశాను. నల్లజాతి విమర్శకులు పలువురు దానిని తీవ్రంగా ఆక్షేపించారు. ఆ సిరీస్ సృష్టికర్త నల్లజాతీయుడే. తీసినవారి పుట్టుక ఒక్కటే ఈ చిక్కును తీర్చదని అప్పుడు అర్థమైంది.

‘ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్’ (2013)లోనూ హింస భరించరానిదే. మెడకు ఉరి బిగిసిన సోలమన్ కాలివేళ్లతో బురదను తాకుతూ ప్రాణం నిలుపుకుంటాడు. వెనుక తోటి బానిసలు పనులు చేసుకుంటుంటారు, పిల్లలు ఆడుకుంటుంటారు. కెమెరా కదలదు. బానిసత్వం దినచర్యగా ఎలా సాగిందో ఆ ఒక్క దృశ్యం చెబుతుంది.

చినోన్యే చుక్వూ దర్శకత్వం వహించిన ‘టిల్’ (2022) మరో దారి తొక్కింది. బాలుడిని కొట్టే దృశ్యం అందులో లేదు; దూరం నుంచి కేకలు వినబడతాయి, అంతే. తల్లి లోకానికి చూపదలచిన దేహం మాత్రం ఉంది. హంతకుల చూపును నిరాకరించి, తల్లి చూపును నిలబెట్టిన చిత్రమది.

అవా డువర్నే ‘ఆరిజిన్’ (2023)లో జాతివివక్షను, కులాన్ని పక్కపక్కన నిలిపి అంబేడ్కర్ జీవితాన్నీ చూపారు. కారంచేడు, చుండూరు చూసిన మనకు ఈ చర్చ పరాయిది కాదు. మన సినిమాల్లో దళిత పాత్ర తరచూ కథానాయకుడి ఆగ్రహాన్ని రగిలించి కనుమరుగవుతుంది. ఆమె పేరు కూడా మనకు గుర్తుండదు.

హింసను దాచమని నేననను. దాస్తే లాభం హంతకులకే. చచ్చినవారు ఎలా బతికారో కూడా చూపమంటాను. ‘టిల్’లో ఎమ్మెట్‌ను మనం మొదట చూసేది కారులో, తల్లి పక్కన పాట పాడుతుండగా. ఆ పాట విన్నాకే ఆ శవపేటిక బరువు మనకు తెలుస్తుంది.